మా చెల్లి గొంతు ఎవరిది?

మా చెల్లి గొంతు మీరు వినే ఉంటారు. మనిషిని మాత్రం చూసి ఉండరు. పిల్లల టీవీలో ఒక తుంటరి కుందేలు ఉంది చూడండి, కంటపడిందల్లా కొరికేసి, పట్టుబడగానే "నేను కాదు, నా పళ్లు!" అని భోరుమంటుందే, ఆ ఏడుపు మా చెల్లిదే. ఆ నవ్వూ దానిదే. ఆ కుందేలు వాళ్లమ్మకి జలుబు చేస్తే వచ్చే తుమ్ము కూడా దానిదే.

ఇంట్లో దాన్ని చిలక అంటాం. చిన్నప్పుడు పక్కింటి పిన్నిగారి గొంతుతో మా అమ్మని పిలిచి, అమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తుకొస్తే తలుపు వెనక నిలబడి కిలకిలా నవ్వేది. బయటికి వెళితే మాత్రం నోట్లో నాలుక లేనిదే. కూరలవాడు పుచ్చు వంకాయలు అంటగట్టినా సరేనని సంచిలో వేసుకొస్తుంది. తిరిగి వెళ్లి వాడితో పోట్లాడేది నేను. నాకు ముక్కు మీదే కోపం, అందులో దాపరికమేం లేదు. టైలరింగ్ షాపు పెట్టుకుని పదిమంది ఆడవాళ్ల కొలతలతోనూ, వాళ్ల మాటలతోనూ వేగేదానికి ఆ మాత్రం కోపం లేకపోతే కుట్టుకూలి కూడా రాదు.

దాని పని ఏమిటో నాకు బట్టల వల్ల తెలిసింది. డబ్బింగ్ గదిలోకి గంజి పెట్టిన బట్ట వేసుకెళ్లకూడదట, గరగరలాడుతుంది. గాజులు తీసేయాలి, వాచీ తీసేయాలి. జిప్పు పనికిరాదు, జేబులో చిల్లర పనికిరాదు. అందుకని నేనే మెత్తటి నూలు గుడ్డ ఏరి, దారపు ముడులతో వదులు చొక్కాలు కుట్టిచ్చేదాన్ని. ఒకసారి వెంట వెళ్లి ఆ గది చూశాను. గది కాదు, బీరువా. నాలుగు గోడలకీ స్పాంజి, ముందర మైకు, ఎదురుగా చిన్న తెర, పక్కన అద్దం, అద్దానికి అవతల ఇంజనీరు. చప్పుడవుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. అంత ఉక్కపోతలో మా చిలక చెప్పులు విప్పేసి నిలబడి, ఎగిరి, గెంతి, ఏడ్చి, నవ్వింది. నాకు కళ్లు తిరిగాయి. నోరులేనిదనుకున్న పిల్ల, అక్కడ పులి.

ఒక్క మాటనే అయిదారు రకాలుగా చెబుతుంది. ఇంజనీరు అన్నీ వరసగా వినిపించి "ఏది ఉంచమంటారు మేడమ్?" అంటాడు. అది కళ్లు మూసుకుని విని, "మూడోది" అంటుంది. అంతే, మూడోది ఉంటుంది, మిగతావి పోతాయి. నాకన్నీ ఒకలాగే వినిపించాయి. ఎలా పోలుస్తావే అని అడిగితే, "నన్ను నేను వినను అక్కా. తప్పు కోసం వింటాను. నాలుక టక్కుమనడం, మాట చివర మింగేయడం, గొంతు జీరబోవడం. అవేవీ లేనిదే మంచిది" అంది. ఏళ్ల తరబడి అదే అలవాటు. టీ కొట్టు దగ్గర రేడియో వింటున్నా మధ్యలో ముఖం చిట్లించేది, ఎవరో పాపం 'సమాచారం'లో ఒక అక్షరం మింగేశారని.

అలాంటిది, స్టూడియో నుంచి పిలుపులు తగ్గాయి. తగ్గి, ఆగిపోయాయి. కార్టూను కొత్త భాగాలు ఇంకా తయారు కాలేదేమో అనుకుంది. ఒక సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను, చెల్లి కూతురి గౌను అంచు మడుస్తున్నాను. పాప టీవీ ముందు నుంచి వంటింట్లోకి పరిగెత్తింది.

"అమ్మా, నువ్విక్కడున్నావుగా! మరి కుందేలు ఎలా మాట్లాడుతోంది?"

"పాతది వేస్తున్నారే" అన్నాను నేను.

"కాదు పెద్దమ్మా, కొత్తది. కుందేలు పడవెక్కింది. పడవ ఇంతకుముందు లేదు."

మా చెల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. తెర మీద కుందేలు పడవకి చిల్లు పెట్టి ఏడుస్తోంది. అదే ఏడుపు, అదే వెక్కు. పాప నవ్వుతోంది. మా చెల్లి ముఖం చూస్తే మాత్రం నా గుండెల్లో రాయి పడింది. ఆ మాటల్లో ఒక్కటి కూడా అది ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు స్టూడియో యజమానికి ఫోను చేసింది. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "అది మీ గొంతు కాదమ్మా. కంప్యూటరు తయారుచేసింది. కాస్త మీకు దగ్గరగా ఉంటుందంతే." పాత రికార్డింగులన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాటిని కంప్యూటరుకి తినిపించి కొత్త గొంతు పుట్టించారు. ఎవర్నీ అడగలేదు. అడగాలని ఒప్పందం కాగితాల్లో ఎక్కడా లేదు కూడా, అప్పట్లో ఇలాంటిదొకటి వస్తుందని ఎవడు కలగన్నాడు? నేను షాపు మూసి వెళ్లి ఆ మనిషిని నాలుగు కడిగేస్తానంటే, మా మరిది, అదే చెల్లి మొగుడు, చేతులు పట్టుకున్నాడు. మందుల షాపులో పనిచేస్తాడు, మెత్తటి మనిషి. "వద్దు వదినా, మీరు అరిస్తే మిగతా స్టూడియోలు కూడా దీన్ని పిలవడం మానేస్తాయి" అన్నాడు. నిజమే, అప్పటికే ఆ భయంతో సగమైపోయింది మా చెల్లి.

అలాంటి రోజుల్లో వచ్చింది ప్రశ్నలమ్మ. ఆ పేరు నేను పెట్టిందే. ఏదో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది, సన్నగా, భుజాన బరువైన సంచితో. కార్టూన్లు గీసేవాళ్లు, ఆటలు తయారుచేసేవాళ్లు, పాటలు కట్టేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు, ఇలా కంప్యూటరుతో ముడిపడ్డ కళల మీద ఎంతమంది బతుకుతున్నారు, యంత్రాలొచ్చాక వాళ్ల పరిస్థితేమిటి అని ఇల్లిల్లూ తిరుగుతోందట. ప్రభుత్వం ఈ రంగానికంతా ఒక విధానం రాస్తోంది, దానికి ఈ అమ్మాయి లెక్కలు పంపాలి. "పని ఎక్కువున్నప్పుడు ఎలా ఉండేది? తగ్గాక రోజంతా ఏం చేస్తున్నారు? ఎవరితో చెప్పుకుంటారు?" అని చెవిలో జోరీగలా అడుగుతూనే ఉంది. మా చెల్లి ఆఖరి ప్రశ్నకి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి వెళ్లేముందు నాతో చెప్పింది. "విధానం రాసే కమిటీలో ఒక్క అంశం దగ్గర రెండు వర్గాలయ్యాయండీ. పాత రికార్డింగుల నుంచి ఒకరి గొంతు తయారుచేయాలంటే ఆ మనిషిని అడిగి తీరాలా, అక్కర్లేదా అని. కంపెనీల లాయరు వస్తున్నారు. మీ చెల్లెలు కూడా వచ్చి రెండు మాటలు చెబితే బాగుంటుంది. నా కాగితాలు ఎన్ని చదివినా, మనిషి ఎదురుగా కూర్చుంటే వేరు."

అడగాలని రాస్తే స్టూడియో దీని గుమ్మం తొక్కాలి. అక్కర్లేదని రాస్తే దీని గొంతు దీనికి తప్ప అందరికీ ఉంటుంది. మా ముందున్నది అదొక్కటే.

వెళతానని ఎలా ఒప్పుకుందో దానికే తెలియదు. ఒప్పుకున్న క్షణం నుంచీ తిండి సహించలేదు. వేడినీళ్లు తాగడం, మెడకి గుడ్డ చుట్టుకోవడం, అద్దం ముందు నిలబడి "అధ్యక్షులవారికి నమస్కారం" అని ఒకసారి పిల్లగొంతుతో, ఒకసారి ముసలిగొంతుతో అనుకుని, "నా సొంత గొంతుతో ఎలా చెప్పాలక్కా?" అని ఏడుపు మొహం పెట్టడం. డబ్బింగ్ వాళ్ల సంఘం పెద్ద ఫోనులో ధైర్యం చెప్పి, "యంత్రానికి ప్రాణం లేదు, నా గొంతు వెయ్యిలో ఉన్నా నేను పోల్చుకుంటాను అని గట్టిగా చెప్పమ్మా, దెబ్బకి దారికొస్తారు" అని నేర్పాడు. ఆ మాట పట్టుకుని వల్లె వేసింది. మా మరిది గొంతు మాత్రలు జేబునిండా తెచ్చి, "నేనొస్తే నాకే చెమటలు పడతాయి, మీరు తోడు వెళ్లండి వదినా" అన్నాడు. నేను సరేనన్నాను. బస్సు దిగేదాకా అది పెదాలు కదుపుతూనే ఉంది.

ఆ హాలు నిండా పొడవాటి బల్ల, మనిషికో మైకు, మనిషికో నీళ్ల సీసా. ఏసీ ఎంత పెట్టారంటే చచ్చినవాళ్లని దాచినట్టుంది. అధ్యక్షురాలు పెద్దావిడ, నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఒక పక్క ప్రశ్నలమ్మ కాగితాల గుట్టతో కూర్చుంది. ఎదురుగా లాయరు. నున్నటి మనిషి, నున్నటి మాట.

"చిన్నపిల్లలు పెద్దవాళ్ల మాటలు విని మాట్లాడటం నేర్చుకుంటారు. పిల్లాడి గొంతు తండ్రిదని ఎవరైనా అంటారా? మా యంత్రమూ అలాగే విని నేర్చుకుంది. ఈ గొంతు ఈవిడది కాదు. ఇది కొత్త గొంతు. ఈవిడకి దీంతో సంబంధం లేదు" అన్నాడాయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా వంతు కాదు కాబట్టి కుర్చీ చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను.

మా చెల్లి వంతు వచ్చింది. మైకు ముందు కూర్చోగానే అలవాటుగా గాజులు వెతుక్కుంది తీసేద్దామని, అవి లేవు. మొదట మాట సన్నగా వచ్చింది, తరవాత నిలబడింది. తన పని చెప్పింది, పాప టీవీ ముందు నుంచి పరిగెత్తుకొచ్చిన సంగతి చెప్పింది. అధ్యక్షురాలు రాసుకోవడం ఆపి వింది. ఫరవాలేదు, గట్టెక్కుతోంది అనుకున్నాను. అప్పుడు ఆ నేర్పిన మాట అనేసింది.

"యంత్రానికి ప్రాణం ఉండదండీ. నా గొంతు వెయ్యిలో ఉన్నా నేను పోల్చుకుంటాను."

లాయరు నవ్వాడు. "వెయ్యి ఎందుకండీ, రెండు చాలు. అధ్యక్షులవారు అనుమతిస్తే రెండు ముక్కలు వినిపిస్తాం. ఒకటి ఈవిడ స్టూడియోలో చెప్పింది. రెండోది యంత్రానిది. ఏది ముందో ఏది వెనకో చెప్పం. తనదేదో ఆవిడే చెబుతారు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! వద్దని చెప్పవే అని నేను ఇక్కడి నుంచి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అది నా వైపు చూస్తేగా! సరేనంది.

"అమ్మా, నేనిక్కడే ఉన్నాను, నన్ను వెతకకు." మొదటి ముక్క.

"అమ్మా, నేనిక్కడే ఉన్నాను, నన్ను వెతకకు." రెండోది.

మొదటిది వినగానే నాకు తెలిసిపోయింది. 'వెతకకు' దగ్గర గొంతు చిన్నగా వణికింది. అది మా చిలక. నాకు సంగీతం రాదు, సాహిత్యం రాదు, కానీ దాని ఏడుపు పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అది మాత్రం కళ్లు మూసుకుంది. స్టూడియోలో అద్దం అవతల మనిషి "ఏది ఉంచమంటారు మేడమ్?" అన్నప్పుడు ఎలా మూసుకునేదో, అచ్చం అలాగే.

"రెండోది" అంది.

లాయరు కాగితం తిప్పి అధ్యక్షురాలికి చూపించాడు. రెండోది యంత్రానిది.

"చూశారుగా. ఈవిడకే తేడా తెలియలేదు. ఇక వినేవాళ్లకి ఏం నష్టం? ప్రాణం, గీణం అన్నవి పెద్ద పెద్ద మాటలండీ" అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రశ్నలమ్మ కలం బల్ల మీద పెట్టేసి తల వంచుకుంది. మా చెల్లి నీళ్ల సీసా మూత రెండుసార్లు తిప్పింది, రాలేదు. నేను లేచి వెళ్లి మూత తీసిచ్చాను. నన్ను కూర్చోమని ఎవరో అన్నారు, కూర్చోలేదు.

"పోదాం పదవే" అన్నాను మెల్లిగా.

అది కదల్లేదు. లాయరు వైపు చూసింది. పోట్లాటకి చూసినట్టు లేదు, దారి అడిగేవాళ్లు చూసినట్టుంది.

"అయ్యా, ఇందాక మీరు ఇది నాది కాదన్నారు. నాకు సంబంధం లేదన్నారు. ఇప్పుడు నేనే విని, నాదే అనుకున్నాను. మరి ఇది ఎవరిదండీ?"

లాయరు కాగితాలు సర్దుకుంటూ, "అది సాంకేతికమైన విషయం, రాతపూర్వకంగా సమర్పిస్తాం" అన్నాడు.

"రాతపూర్వకంగా తరవాత ఇద్దురుగాని" అంది అధ్యక్షురాలు, కళ్లద్దాలు పైకి తోసుకుంటూ. "ముందు ఆవిడ అడిగినదానికి నోటితో చెప్పండి. ఇది ఎవరిది?"

ఆయన పక్కవాడితో గుసగుసలాడాడు. గుసగుసలు చాలాసేపు సాగాయి. ఆఖరికి వాళ్లు గడువు అడిగారు, ఆవిడ ఏదో రాసుకుంది, తరవాతివాళ్లని పిలిచారు.

మెట్ల మీదికి రాగానే దాన్ని పట్టుకుని ఊపేశాను. "గెలిచావే చిలకా! నున్నటాయన నోట్లో పచ్చి వెలక్కాయ పడింది, చూశావా?"

అది మెట్టు మీద కూలబడింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ తప్పుకుని వెళుతున్నారు.

"ఏం గెలిచాను అక్కా? నిజంగానే రెండోదే బాగుంది."

"బాగుండటం ఏమిటే?"

"మొదటిదాంట్లో జీర ఉంది. ఇప్పుడు గుర్తొస్తోంది. పాపకి జ్వరంగా ఉందని మా ఆయన ఫోను చేసిన రోజు చెప్పిన మాట అది. ఇంకోసారి చెప్పే ఓపిక లేక అదే ఉంచేయమన్నాను. ఇవాళ వినగానే, ఇది తప్పు, పక్కన పెట్టు అనిపించింది. నన్ను నేనే పక్కన పెట్టేశాను. ఇన్నేళ్లూ తప్పు లేకుండా చెప్పడమే నేర్చుకున్నాను. తప్పు చెయ్యనిది వచ్చాక నేనెందుకు అక్కా?"

పక్కన కూర్చుని వీపు నిమిరాను. కాసేపటికి ప్రశ్నలమ్మ కూడా వచ్చి నిలబడింది. ఆ రోజు మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, బస్టాపు దాకా మాతో నడిచింది.

తరవాత ఎదురుచూపులు. విధానం ముసాయిదా వస్తుంది, వస్తుంది అంటారు, రాదు. మా చెల్లి మాటలు తగ్గించేసింది. పాపకి కథ చెప్పమంటే పుస్తకం చేతికిచ్చి చదువుకోమంటోందని మా మరిది దిగులుగా చెప్పాడు. నేను రోజూ ఫోను చేసేదాన్ని. ఊఁ, ఆఁ, సరే. అంతే.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం షాపులో ఫోను మోగింది. ఎత్తితే, "నమస్కారం! ఎలా ఉన్నారు?" అని హుషారుగా మా చెల్లి గొంతు. నా ప్రాణం లేచొచ్చింది. "వచ్చావా దారికి! తిన్నావా? పాప బడికి వెళ్లిందా?" అని గుక్కతిప్పుకోకుండా అడిగేస్తున్నాను. "మీ జుట్టు రాలిపోతోందా? దిగులు పడకండి" అంది. మా కొత్త నూనె రాస్తే నల్లగా, ఒత్తుగా అంటూ ఇంకా ఏదేదో చెబుతోంది. నేను "ఒసే, ఒసే చిలకా" అంటూనే ఉన్నాను. అది ఆగదు. నూనె కావాలంటే ఒకటి నొక్కమంది. ఫోను బల్ల మీద పడేసి చేతులు కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలియదు. షాపులో ఉన్న ఆవిడ కొలత ఇవ్వడానికి చేతులు చాపి అలాగే నిలబడి ఉంది.

ఆ సంగతి చెల్లికి చెప్పలేదు. ఏమని చెబుతాను? నీతో మాట్లాడాననుకుని నూనె కబుర్లు విన్నానే అని చెప్పనా? ఆ రోజు నుంచీ ఫోను మోగితే చాలు, వెంటనే ఎత్తకుండా కాసేపు మోగనిచ్చేదాన్ని.

మొన్న మళ్లీ మోగింది. సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎత్తాను.

"అక్కా! పెట్టారక్కా! ముసాయిదాలో పెట్టారు! పాత రికార్డింగైనా సరే, మనిషిని అడక్కుండా గొంతు తయారుచేయకూడదని రాశారు. ఆ అమ్మాయి ఇప్పుడే ఫోను చేసింది. ఇంకా అభ్యంతరాలు అవీ తీసుకుంటారట, కానీ రాశారక్కా!"

ఎన్నాళ్లకో విన్న హుషారు. పండు వలిచినట్టు ఒక్కో మాటా స్పష్టంగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. ఎగిరి గంతేయాల్సినదాన్ని. నా నోట్లోంచి వచ్చింది వేరు.

"నువ్వేనా?"

ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"చిలకా? నువ్వేనా మాట్లాడేది?"

ఫోను పెట్టేసింది. నేను తిరిగి చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. కత్తెర ఎక్కడ పెట్టానో తెలియదు, ఎవరి గుడ్డ ఎక్కడ కత్తిరించానో తెలియదు. షాపు మూసి బయల్దేరదామనుకునేలోపు ఆటో ఆగిన చప్పుడైంది. అదే. ఇంట్లో చీరతోనే వచ్చేసింది, జుట్టు కూడా దువ్వుకోలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. లోపలికి వచ్చి, నా ఎదుట స్టూలు మీద కూర్చుని, నా రెండు చేతులూ తీసుకుంది.

"పెట్టారక్కా" అంది. "నేనే చెబుతున్నాను."

"తెలుసే తల్లీ, తెలుసు. ఏదో పరధ్యానంలో అనేశాను. నువ్వు కాకపోతే ఇంకెవరు?"

"ఫరవాలేదులే. నువ్వు రెండోదానివి" అంది. "నిన్న బడి నుంచి టీచరు పాప చేతికి ఫోనిస్తే, అది కూడా ముందు 'నువ్వేనా అమ్మా?' అనే అడిగింది."